అతుక్కుపోయిన ఊపిరితిత్తి

గిలకలదిండి హార్బర్‌లో బోటు ఇంజను మొరాయిస్తే ముందు ధనరాజుకే కబురు వెళ్లేది. మనిషి సన్నం, మాట తక్కువ. బోటు యజమాని ఎంత పెద్దవాడైనా సరే, ఇంజను మీద చెయ్యి వెయ్యకముందు ఒక్క మాట అడిగేవాడు. "ఏం జరిగిందో దాచకుండా చెప్పండి. మీరు దాచినా అది చెప్పేసుద్ది." నీళ్లు కలిసిన డీజిలు పోసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డవాళ్లని పదిమందిలో కడిగేసేవాడు. ముప్పయ్యేళ్లు ఆ పని చేశాడు. ఆ ముప్పయ్యేళ్లూ తన ఒంట్లో ఏం జరిగిందో కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

అతనిది దివిసీమలో పాలకాయతిప్ప దగ్గర పల్లె. ఉప్పెనలో తండ్రి పోయాడు. తల్లి సౌభాగ్యమ్మ, పదకొండేళ్ల ధనరాజు మిగిలారు. ఇరవై ఒకటో ఏట అతనికి దగ్గు పట్టుకుంది. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు కాలిపోయేది. ఒకరోజు ఉమ్మిలో నెత్తురు కనిపించింది. తల్లి గుట్టుచప్పుడు కాకుండా బందరు తీసుకెళ్లి చూపించింది. టీబీ అన్నారు. సూదులు వేశారు, మాత్రలిచ్చారు. పల్లెలో అడిగినవాళ్లకి, పిల్లాడు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనికి వెళ్లాడని సౌభాగ్యమ్మ చెప్పింది. దగ్గు తగ్గీ తగ్గగానే, ఇంకా నాలుగు నెలల మందులు వాడాల్సి ఉండగానే మాన్పించేసింది. అప్పటికి గిలకలదిండిలో ఒక సంబంధం మాట్లాడుకుని వచ్చింది మరి.

"ఈ మాట నీ నోరు దాటిందా, నీకు పిల్లనిచ్చేవాడు ఈ ఒడ్డున ఒక్కడుండడు," అంది కొడుకుతో.

ఆ పిల్ల రత్నం. పెళ్లయ్యాక ధనరాజు అత్తగారి ఊరే వచ్చేసి ఇంజను పని నేర్చుకున్నాడు. సౌభాగ్యమ్మా వెంట వచ్చింది. రెండేళ్లకి కూతురు పుట్టింది. శ్రీదుర్గ అని పేరు పెట్టుకున్నారు. కాన్పు కష్టమై, ఇక పిల్లలు పుట్టరన్నారు. ధనరాజు బాధపడలేదు. కూతుర్ని నడవనిచ్చేవాడు కాదు. హార్బర్‌కి భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. పడుకునేటప్పుడు ఆ పిల్లకి తండ్రి పక్కనే చోటు.

శ్రీదుర్గకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బందరులో చూపించుకుంటే తెలిసినవాళ్లు కనిపిస్తారని, ఇంజను సామాన్లకని చెప్పి గుడివాడ వెళ్లాడు. అక్కడొక ముసలి డాక్టరు ఎక్సరే చూసి మందులు రాసి, కలం పక్కన పెట్టి అడిగాడు.

"ఇంట్లో పిల్లలున్నారా?"

"ఒక పాపండీ."

"ఎక్కడ పడుకుంటుంది?"

"నా పక్కనేనండీ."

"ఇవాళ్టి నుంచి వేరే పడుకోబెట్టు. వచ్చే వారం నాకు తెచ్చి చూపించు. మర్చిపోకు."

అలాగేనండీ అని లేచాడు. మందులు పనిముట్ల పెట్టెలో, స్పానర్ల కింద గుడ్డలో చుట్టి పెట్టుకుని ఎనిమిది నెలలు క్రమం తప్పకుండా మింగాడు. పాపని మాత్రం గుడివాడ తీసుకెళ్లలేదు. తీసుకెళితే రత్నం ఎందుకని అడుగుతుంది, తనూ వస్తానంటుంది. వచ్చే వారం అనుకున్నాడు, వచ్చే నెల అనుకున్నాడు. పాప బొద్దుగానే ఉంది, దగ్గడం లేదు. ఏమీ కాదులే అనుకున్నాడు.

పాపకి దగ్గు రాలేదు. తలనొప్పి వచ్చింది. తర్వాత వాంతులు, ఆ తర్వాత మెడ కొయ్యబారిపోవడం. గుంటూరు తీసుకెళ్లేసరికి తల్లిని గుర్తుపట్టడం మానేసింది. మెదడుకి టీబీ పాకిందన్నారు. పందొమ్మిది రోజులుండి పోయింది.

దినం అయిన మర్నాడు ప్రభుత్వ ఆసుపత్రివాళ్లు ఇంటికొచ్చారు. ఈ ఇంట్లో ఎవరికి దగ్గుందో, పాపకి ఎవరి నుంచి అంటుకుందో తెలుసుకోవాలన్నారు. సౌభాగ్యమ్మ కోడలి వైపు చెయ్యి చూపిస్తూ, వీధిలో అందరికీ వినపడేలా మొదలుపెట్టింది.

"మా వంశంలో లేదు ఈ జబ్బు. దీని బాబుంటాడు, ఆ చివరింట్లో, పొద్దస్తమానం చుట్ట కాలుస్తా దగ్గుతా ఉంటాడు. పిల్లని వొళ్లో పెట్టుకుని ఆడించేవాడు. వెళ్లి ఆయన్ని చూడండి. దీని పుట్టిల్లే మింగేసింది నా మనవరాల్ని!"

రత్నం మొగుడి వంక చూసింది. అతను ఏమైనా అంటాడని కాసేపు చూసింది. ధనరాజు నీళ్ల గాబు దగ్గర కూర్చుని, చేతికి లేని గ్రీజును సబ్బుతో కడుక్కుంటూనే ఉన్నాడు. అతని దగ్గు తగ్గి అప్పటికి నెలలయింది, అతన్ని ఎవరూ అనుమానించలేదు. ఆసుపత్రివాళ్లు మామగారికి పరీక్షలు చేసి, టీబీ లేదు, పొగ దగ్గు అన్నారు. వినేవాళ్లెవరు? హార్బర్ టీ కొట్టులో ముసలాయన గ్లాసు విడిగా పెట్టడం మొదలైంది. రత్నం చెల్లెలు రామలక్ష్మికి కృత్తివెన్నులో కుదిరిన సంబంధం, లగ్నం పెట్టుకున్నాక, టీబీ కొంప అని వెనక్కి పోయింది. మళ్లీ ఎవరూ రాలేదు. ఆ పిల్ల గుడివాడలో ఒక బడి హాస్టల్లో ఆయాగా చేరి అక్కడే ఉండిపోయింది.

అన్నింటికంటే దారుణం, రత్నం కూడా అది నమ్మింది. ఒకరోజు తండ్రి ఎదురొస్తే, "నా బిడ్డని ఎత్తుకోకుండా ఉండాల్సింది నువ్వు" అనేసింది. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూతురి గుమ్మం తొక్కలేదు. రెండేళ్లకి పోయాడు. ఆఖరి రోజు కూడా రత్నం ఆయన గుమ్మం ఇవతల నిలబడే చూసింది.

ధనరాజుకి ఇవన్నీ తెలుసు. మామగారి పాడె మోసినవాళ్లలో అతనూ ఒకడు.

ఇరవయ్యేళ్లు గడిచాయి. సౌభాగ్యమ్మ కాలం చేసింది. యాభై ఆరో ఏట ధనరాజు ఉమ్మిలో మళ్లీ ఎర్రటి చార కనిపించింది. పాతదే తిరగబెట్టింది అనుకున్నాడు, కానీ కాదు. ఊపిరితిత్తి క్యాన్సరు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపారు. అక్కడి సర్జను అక్షిత గారు స్కానింగు ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూపించింది.

"కుడివైపు పైభాగంలో ఉందండీ. రెండున్నర సెంటీమీటర్లు, అంతే. ఇంకెక్కడికీ పాకలేదు. అదృష్టమనే చెప్పాలి. చిన్న కన్నాలు పెట్టి కెమెరాతో తీసేస్తాం. ఐదో రోజుకి ఇంటికెళ్లిపోవచ్చు."

రత్నం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. డాక్టరు ఇంకా ఫిల్ము వంకే చూస్తోంది.

"ఇక్కడ పాత మచ్చలేవో ఉన్నాయి. మీకెప్పుడన్నా టీబీ వచ్చిందా?"

"లేదండీ," అన్నాడు ధనరాజు.

రత్నం కల్పించుకుంది. "మా పుట్టింటి నుంచే వచ్చిందండీ మా పాపకి. ఆయనకేం లేదు." ఇరవయ్యేళ్లుగా ఆవిడకి నోటికి వచ్చేసిన మాట అది.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం డాక్టరు వార్డులోకి వచ్చింది. రత్నం కింద మందుల కొట్టు దగ్గరుంది. పక్క మంచం మీద బందరు ఖొజ్జిల్లిపేట నుంచి వచ్చిన అబ్దుల్ గఫార్ పడుకుని ఉన్నాడు. రోల్డుగోల్డు నగల పని చేసేవాడు. అతనిదీ అదే జబ్బు, అంతే గడ్డ. ఆ పొద్దునే ఆపరేషన్ అయింది. ఒక టీ గ్లాసు రక్తం కూడా పోలేదని నర్సు చెప్పింది. అప్పుడే లేచి కూర్చుంటానంటున్నాడు.

డాక్టరు కర్టెను లాగి గొంతు తగ్గించింది. "ధనరాజు గారూ, మళ్లీ అడుగుతున్నాను. టీబీ వచ్చి ఉంటే ఊపిరితిత్తి లోపల ఛాతీ గోడకి అతుక్కుపోయి ఉంటుంది. ముందే తెలిస్తే నేను వేరేగా చేస్తాను. మీ ఇంట్లోవాళ్లకి చెప్పను. వచ్చిందా?"

చెప్పడానికి అంతకంటే మంచి అదును రాదు. ధనరాజు నోరు తెరిచాడు కూడా. కానీ చెబితే కాగితం మీద రాస్తారు. ఆ ఫైలు రత్నం సంచిలోనే ఉంటుంది. బావమరిది ప్రసాద్ ప్రతి కాగితాన్నీ చదువుతాడు.

"ఉప్పెనలో కొట్టుకుపోయి ఉప్పునీళ్లు మింగానండీ చిన్నప్పుడు. నిమ్ము చేసింది. ఆ మచ్చలేమో," అన్నాడు.

డాక్టరు మొహంలో జాలి కనిపించింది. సరేనని రాసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్లారు. పదకొండింటికల్లా అయిపోతుందన్నారు. పదిన్నరకి నర్సు పరిగెత్తుకుంటూ బయటికొచ్చింది. "ధనరాజు వాళ్లెవరు? రక్తం కావాలి. ఓ పాజిటివ్. ఇప్పటికి బ్యాంకులోది ఎక్కిస్తున్నాం, బదులు ఇచ్చేవాళ్లని పిలిపించండి. త్వరగా!"

లోపల ఊపిరితిత్తి పైభాగం మొత్తం ఛాతీ గోడకి పట్టేసి ఉంది. విడదీస్తున్న ప్రతిచోటా రక్తం ఊరుతోంది. కెమెరా తీసేసి పెద్ద కోత పెట్టేలోగా, గట్టిపడిపోయిన మచ్చల మధ్య ఊపిరితిత్తికి వెళ్లే రక్తనాళం చిట్లింది. దాన్ని పట్టుకునేసరికి రెండు లీటర్లు పోయింది. మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు.

ప్రసాద్ బందరు నుంచి బండి మీద వచ్చాడు. రామలక్ష్మి గుడివాడలో బస్సెక్కి వచ్చింది. చెరొక బాటిల్ ఇచ్చారు. మధ్యాహ్నం మూడింటికి డాక్టరు బయటికొచ్చింది. బట్టల మీద మరకలున్నాయి. గోడకి ఆనుకుని నిలబడి చెప్పింది.

"మనిషి ఉన్నాడు. గడ్డ తీసేశాం. కానీ చాలా రక్తం పోయింది. లోపలున్నవి నిమ్ము మచ్చలు కావమ్మా, పాత టీబీ. ఒక్కసారి కాదు, రెండు దఫాలు వచ్చినట్టుంది. మందులు వాడకుండా అలా మానవు. ఆయనకి తెలియకుండా ఉండదు. నిన్న కర్టెను లాగి మరీ అడిగితే నిమ్ము అన్నారు."

ఆ మాట విన్నప్పుడు రామలక్ష్మి మోచేతి మడతలో దూది ఇంకా అలాగే ఉందని, తర్వాతెప్పుడో ప్రసాద్ చెప్పాడు. అక్క కింద కూలబడిపోతే చెల్లెలు పట్టుకోలేదని కూడా చెప్పాడు.

ధనరాజు కళ్లు తెరిచేసరికి రెండు రోజులు గడిచాయి. రత్నం నీళ్లు పట్టింది, ఒళ్లు తుడిచింది, దగ్గినప్పుడు ఛాతీకి దిండు అదిమి పట్టింది. మాట్లాడలేదు. అతనికి అర్థమైంది, అయినా అర్థం కానట్టే ఉన్నాడు. గఫార్ ఐదో రోజున, చెప్పినట్టే, భార్య బషీరా చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు. ధనరాజు ఇరవై ఆరు రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. పదకొండో రోజున, అన్నం కలిపి పెడుతూ రత్నం అడిగింది.

"మొదటిసారి ఎప్పుడొచ్చింది?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదతనికి. "పెళ్లికి ముందు."

"రెండోసారి?"

"పాపకి తొమ్మిదో ఏడు."

ముద్ద చేతిలోనే ఉంది. "మా నాన్న వల్ల కాదన్నమాట."

"కాదు."

"ఎవరికి చూపించుకున్నావ్?"

"గుడివాడలో."

"పాప గురించి ఏమన్నా అన్నాడా ఆ డాక్టరు?"

ధనరాజు కళ్లు మూసుకున్నాడు.  

"అడుగుతున్నాగా. ఏమన్నాడు?"

"తీసుకొచ్చి చూపించమన్నాడు."

రత్నం ఆ ముద్ద అతని నోట్లో పెట్టింది. తర్వాత ఇంకోటి పెట్టింది. కంచం ఖాళీ అయ్యేదాకా పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి అంది.

"నువ్వు చావకూడదు ఇప్పుడు. నడిచి హార్బర్‌కి రావాలి. నలుగురి ముందు చెప్పాలి. మా నాన్న గ్లాసు విడిగా పెట్టినవాళ్లందరికీ చెప్పాలి. నా చెల్లెలు వినాలి."

అందుకోసమే అన్నట్టు ఆవిడ అతన్ని నిలబెట్టింది. గుడ్లు ఉడకబెట్టి పెట్టింది, ఊపిరి పీలిస్తే లోపల బంతులు లేచే ఆసుపత్రి బొమ్మ చేతికిచ్చి రోజూ పక్కన కూర్చుని పీల్పించింది. మూడు నెలలకి ధనరాజు నాలుగు అడుగులు వేసి ఆగి, మళ్లీ నాలుగు వేసే స్థితికొచ్చాడు. ఒక ఆదివారం పొద్దున రామలక్ష్మిని గుడివాడ నుంచి పిలిపించి, ముగ్గురూ హార్బర్‌కి వెళ్లారు. బోట్లు వచ్చే వేళ. వేలం పాట జోరుగా ఉంది.

ధనరాజు ఐసు పెట్టెల పక్కన నిలబడి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టాడు. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. టీబీ నాది. మా మావయ్యది కాదు. నా కూతురికి అంటించింది నేను. తెలిసే దాచాను. రామలక్ష్మి సంబంధం పోయింది నా వల్ల.

చుట్టూ ఉన్నవాళ్లు ముందు జాలిగా, తర్వాత ఇబ్బందిగా చూశారు. సగంమందికి ఆ మామగారు ఎవరో తెలియదు. తెలిసిన ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. పెదబోటు సాయిబాబు దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నాడు.

"ఎప్పటి సంగతి బావా అది? ఇప్పుడెందుకు చెప్పు. ఆపరేషనై ఉన్నావు, ఎండలో నిలబడమాక."

"ఏ సంబంధం గురించంట?" అని ఒక కుర్రది పక్కామెని అడిగింది.

"ఏమోనే. ముందు ఆ గంప ఇటు జరుపు."

వేలం మళ్లీ అందుకుంది. రామలక్ష్మి ముందుకొచ్చింది. నలభై నాలుగేళ్ల మనిషి, జుట్టు సగం నెరిసింది. బావ మొహంలోకి చూసి, "అయిపోయిందా?" అని అడిగి, బస్టాండుకి వెళ్లే ఆటో ఎక్కేసింది.

ఆ తర్వాత ఏడాది ధనరాజుని ఎవరూ ఇంజను దగ్గరికి పిలవలేదు. పిలిచినా వంగలేడు. పరీక్షలకి విజయవాడ వెళ్లిన ప్రతిసారీ గఫార్ కనిపించేవాడు. ఒళ్లు చేశాడు, నమాజుకి నడిచే వెళ్తున్నానని చెప్పేవాడు. "మీదీ నాదీ ఒక్కటే గడ్డ కదా ధనరాజు గారూ, ఇద్దరం గట్టెక్కాం," అనేవాడు నవ్వుతూ. పధ్నాలుగో నెలలో గఫార్ స్కానింగు శుభ్రంగా వచ్చింది. ధనరాజుకి ఎడమవైపు ఊపిరితిత్తిలోనూ, కాలేయంలోనూ మచ్చలు కనిపించాయి.

అక్షిత గారు రత్నాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. అక్కడ జరిగిన మాటలు ధనరాజుకి చివరిదాకా తెలియలేదు.

"ఆ రోజు అంత రక్తం పోబట్టే మళ్లీ వచ్చిందా అమ్మా?" అని రత్నం అడిగింది.

డాక్టరు కాస్త ఆలోచించి చెప్పింది. "ఆపరేషన్‌లో ఎక్కువ రక్తం పోయినవాళ్లు అందరిలా ఎక్కువకాలం ఉండటం లేదని, చాలామందిని గమనించినప్పుడు కనిపిస్తోంది. నిజమే. కానీ రక్తం పోవడమే కారణమా, లేక అంత రక్తం పోయేలాంటి ఊపిరితిత్తి, అలాంటి ఒళ్లు ముందే ఉండటం కారణమా అన్నది విడదీసి చెప్పలేకపోతున్నాం. ఒక్క మనిషిని చూపించి ఈయనకి ఇందువల్లే అని అసలే చెప్పలేం."

"నిజం చెప్పి ఉంటే?"

"మొదటే పెద్ద కోత పెట్టి తెరిచేదాన్ని. రక్తం సిద్ధంగా ఉంచుకునేదాన్ని. కొంత తక్కువ పోయేదేమో. కానీ ఊపిరితిత్తి అప్పటికీ అతుక్కునే ఉండేది కదమ్మా. మచ్చలు చూసి నేనూ ఇంకాస్త అనుమానించాల్సింది. బతికేవారా అంటే, నాకు తెలియదు."

రత్నం బయటికొచ్చింది. ధనరాజు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ పక్కన కూర్చుని చీరకొంగు సర్దుకుంది.

"ఏమంది?"

"మళ్లీ వచ్చిందంట. రెండు వైపులా."

"ఎందుకొచ్చిందంట?"

"అంత నెత్తురు పోబట్టే వచ్చిందంట. ఆ రోజు కర్టెను లాగి అడిగినప్పుడు నువ్వు నోరు తెరిచి చెప్పుంటే ఇంకో పదేళ్లు నిక్షేపంగా బతికేవాడివంట. నీ ప్రాణం నీ చేతుల్లోనే ఉందంట, నువ్వే వదిలేసుకున్నావంట."

"డాక్టరమ్మే అందా?"

"ఆవిడే అంది."

బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టింది అతన్ని. ఉయ్యూరు దాటేదాకా ధనరాజు తన రెండు చేతుల వంకా చూసుకుంటూ ఉన్నాడు. ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడిస్తే దగ్గు వచ్చింది, దగ్గితే పక్కటెముకలు పీకాయి. ముందు సీటువాళ్లు నీళ్లివ్వబోతే, "మా దగ్గరున్నాయండీ" అంది రత్నం.

అతను ఇంకో డెబ్భై రోజులు బతికాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పేవాడు. పదేళ్లుండేవాణ్ణి, ఒక్క మాట చెప్పక పోగొట్టుకున్నాను అని. కూతురి గురించి చెప్పలేదు, మామగారి గురించి చెప్పలేదు. చివర్లో అతనికి మిగిలిన దిగులంతా ఆ పదేళ్ల మీదే. రత్నం అది విన్నప్పుడల్లా పక్క గదిలో పని చేసుకుంటూ ఉండేది. మనిషిని మాత్రం శుభ్రంగా చూసుకుంది. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు.

పెద్దకర్మ అయిన సాయంత్రం, చుట్టాలు వెళ్లిపోయాక, రామలక్ష్మి గిన్నెలు సర్దుతూ అడిగింది.

"అక్కా, ఆ పదేళ్ల మాట డాక్టరమ్మ నిజంగా అందా?"

"లేదు."

"మరేమంది?"

"తెలియదంది."

రామలక్ష్మి చేతిలో గిన్నె కింద పెట్టింది. "మరి ఆయనకి అలా ఎందుకు చెప్పావు?"

"తెలియదని చెబితే అది పట్టుకుని హాయిగా పోయేవాడు. పోనివ్వాలనిపించలేదు నాకు," అంది రత్నం. చీపురు తీసుకుని, అరుగు మీద రాలిన మెతుకులు ఊడవడం మొదలుపెట్టింది.

 ఆ రోజుకి ఉండిపోదామనుకుని వచ్చిన రామలక్ష్మి, సంచి తీసుకుని గుడివాడ బస్సుకి బయల్దేరింది.